పక్కచూపు

చేపలకు అద్దే పిండి కలుపుతోంది మార్లిస్. మొక్కజొన్న పిండిలో మిరియాల పొడి చల్లి, రెండు దోసిళ్ళతో ఎత్తి జారవిడుస్తుంటే కర్ట్ వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చాడు. మామూలుగా అతను ముందు హాల్లోంచి వస్తాడు, వస్తూనే కాఫీ పోసుకుంటాడు. ఇవాళ కాఫీ జోలికి పోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గిన్నెలు కడిగే తొట్టికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆర్లో వెళ్ళిపోయాడా నీళ్ళమీదికి?"

"తెల్లారకముందే. ఏం?"

"ఏం లేదు. ఆదివారం విందు గురించి."

ఆ ఆదివారం సీజన్ ఆఖరి విందు. బర్చ్ చెట్ల ఆకులు పసుపెక్కి రాలడం మొదలయ్యాక, పడవలు గట్టెక్కించి షెడ్డులో పెట్టేముందు, ఏటా కర్ట్ తన సరస్సు ఒడ్డు రిసార్టులో చేసే విందే. ఊళ్ళోవాళ్ళు, పాత అతిథులు హాలు నిండా వస్తారు. వంట మార్లిస్‌ది, అతిథుల్ని పడవలో చేపల వేటకి తిప్పేది ఆమె భర్త ఆర్లో.

"ఈసారి ఆర్లోకి ఏమైనా ఇద్దామనుకుంటున్నా. అందరి ముందూ," అన్నాడు కర్ట్. "ఫిష్ ఫైండర్."

మార్లిస్‌కి నవ్వొచ్చింది. "ఆయనకా? నీళ్ళకింద చేప ఎక్కడుందో మిషన్ చెబితే ఇంక మనమెందుకు, మిషన్నే పట్టుకోమనండి అంటాడు."

"అంటాడులే. ఉంటే వాడతాడు. నువ్వే ఎంచాలి. ఆయన చేతులూ ఆయన చిరాకులూ నీకే తెలుసు. డ్యూయీ కొట్టుకి వెళ్ళు, ఖర్చు సంగతి చూడొద్దని చెప్పాను. ఒక్కటే మాట మార్లిస్. స్క్రీన్ పెద్దది ఉండాలి. అక్షరాలు పెద్దవి. లోతు తగ్గితే గట్టిగా కూత పెట్టేది."

"ఆయనకేం చెవుడు రాలేదు."

కర్ట్ నవ్వలేదు. టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతూ, "ఆయనతో అనకు," అని చెప్పి వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా మార్లిస్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆర్లో ఈ రిసార్టు అతిథుల్ని సరస్సు మీద తిప్పడం మొదలుపెట్టినప్పుడు కర్ట్ ఇంకా గాలానికి ఎరగుచ్చడం రాని పిల్లవాడు. ఎన్నో ఏళ్ళుగా అందరూ ఆర్లో భుజం తట్టి వెళ్ళినవాళ్ళే గాని, చేతిలో ఒకటి పెట్టినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం వంట సర్దేసి ఊళ్ళోకి వెళ్ళింది. డ్యూయీ కొట్టు ఎప్పట్లాగే చేపపిల్లల తొట్ల వాసన కొడుతోంది. డ్యూయీ మోచేతుల దాకా తడిసి, చిన్న వలతో ఎర చేపల్ని ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి తోడుతున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

"వచ్చావా మహారాణీ! కర్ట్ చెప్పాడు. అటు చూడు, గోడంతా నీదే."

గోడకి వరసగా ఫిష్ ఫైండర్లు, కొనేవాళ్ళకి చూపించే ఉత్తుత్తి సరస్సు బొమ్మలతో వెలుగుతున్నాయి. అరచేతిలో పట్టేదాని దగ్గర్నుంచి కిటికీ తలుపంత దాకా ఉన్నాయి. నీలం నీళ్ళు, అడుగున ఎర్రటి గీత, మధ్యలో వంపులు తిరిగిన చేపల గుర్తులు. డ్యూయీ చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. ఇది పడవ కింద ఏముందో చూపిస్తుంది. ఇది రెండు పక్కలా చూపిస్తుంది. ఇదిగో, ఇది ఇప్పుడు కుర్రాళ్ళంతా పడి చస్తున్నది, ముందు ఏముందో కదులుతుండగానే చూపిస్తుంది. చేప బియ్యపుగింజలా కనిపిస్తుంది, నువ్వు వేసిన ఎర ఇంకో గింజ. గింజ వెళ్ళి గింజని మింగుతుంటే చూడొచ్చు.

"అది చేపలు పట్టడమా, సినిమానా?" అంది మార్లిస్.

"టికెట్టు మాత్రం గట్టిదే."

ఆమె తొందరపడలేదు. కోటు జేబులోంచి ఉన్ని గ్లవుసులు తీసి తొడుక్కుని ఒక్కో స్క్రీనునీ తాకి చూసింది. వేలితో తాకితే పనిచేసేవి గ్లవుసు వేలికి పలకలేదు. వాటిని పక్కనపెట్టించింది. చలికి ఆర్లో బొటనవేళ్ళు పగిలి నెత్తురు కారేదాకా గ్లవుసు తియ్యడు. బొత్తాలున్నవే కావాలి. ఆ బొత్తాలు కూడా ఒకదానికొకటి ఎడంగా, నొక్కితే టక్కుమని తెలిసేలా ఉండాలి. పగటి వెలుగులో ఎలా ఉంటుందో చూడాలని ఒకదాన్ని వైరుతో సహా కిటికీ దగ్గరికి మోయించింది. చివరికి ఒక పెద్దది తేల్చింది. తెరమీద లోతు చెప్పే అంకె ఆమె బొటనవేలంత ఉంది.

"మంచి కన్నే నీది," అన్నాడు డ్యూయీ, దాని పెట్టె వెతుకుతూ. "మీ చిన్న పడవకి ఇది చాలా ఎక్కువ. రిసార్టు పెద్ద పడవకి ఎలాగూ చలికాలంలో ఆ సినిమాది బిగించమన్నాడుగా కర్ట్, బ్రాడీ కోసం."

"పెద్ద పడవ ఆర్లోదిగా. బ్రాడీ రిసార్టు పనివాడేగా."

డ్యూయీ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదా?"

"నేనేం అనలేదు మార్లిస్."

"అన్నావు. మిగతాది కూడా అను."

డ్యూయీ లేచి నిలబడ్డాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "వచ్చే వేసవి నించీ అతిథుల్ని బ్రాడీ తిప్పుతాడట. ఆర్లో మానేస్తున్నాడని... మీరిద్దరూ అనుకునే ఉంటారనుకున్నా. నీకు తెలిసే వచ్చావనుకున్నా."

గోడమీద చేపల గుర్తులు ఎడమ నించి కుడికి ఒకే తీరున జరిగిపోతున్నాయి. మార్లిస్ గ్లవుసులు ఒక్కో వేలూ లాగి తీసింది. పెట్టె తీసుకోకుండానే బయటికి నడిచింది.

కారెక్కి తలుపు గట్టిగా వేసుకుంది. ఇదా సంగతి. నోటితో చెప్పలేని మాట బహుమతి కాగితంలో చుట్టి ఇవ్వడం. హాలు నిండా జనం చప్పట్లు కొడుతుంటే ఆ మనిషి నవ్వడం తప్ప ఏం చెయ్యగలడు? ఆ వస్తువు ఎంచడానికి పెళ్ళాన్నే పంపించడం!

జూలై నించీ బ్రాడీ ఆర్లో పడవలో ఎందుకు ఎక్కుతున్నాడో ఇప్పుడు అర్థమైంది. పని నేర్చుకుంటాడు అన్నాడు కర్ట్. ముప్ఫై దాటినవాడికి, పుట్టింది ఈ ఒడ్డునే అయినవాడికి ఏం నేర్పాలి? చేపలుండే తావులు ఒక్కొక్కటీ ఆర్లో నోట చెప్పించుకుని, ఆనక ఆర్లోని గట్టుమీద కూర్చోబెట్టడానికి.

మర్నాడు పొద్దు తిరిగే వేళకి పడవ వస్తుంటే ఆమె వంటింటి పని వదిలేసి రేవు చెక్కలమీదికి వెళ్ళి నిలబడింది. పడవ నడుపుతున్నది బ్రాడీ. ఆర్లో ముందు వైపు, కాళ్ళు చాపుకుని దొరబాబులా కూర్చున్నాడు. బ్రాడీ దూకి తాడు కట్టి, "ఇటు ఆర్లో, అడుగు ఎత్తి వెయ్," అంటూ చెయ్యి అందించాడు. ఆర్లో పాదంతో చెక్క అంచు తడిమి పైకెక్కాడు.

పసిపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నాడు, అనుకుంది మార్లిస్. పళ్ళు బిగుసుకున్నాయి.

రేవు పక్కన చేపలు కోసే బల్ల. అయోవా నించి వచ్చిన ముగ్గురు అతిథులు బీరు డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరారు. ఆర్లో బకెట్లోంచి వాలై చేపని తీసి బల్లమీద పడుకోబెట్టాడు. ఎడమచేతి వేళ్ళు తల నించి తోక దాకా ఒకసారి నడిచాయి. మొప్ప వెనక కత్తి దిగింది, ఎముక తగలగానే అడ్డంగా తిరిగింది, వెన్ను వెంట సన్నగా గరగరలాడుతూ తోక దాకా పోయింది. ముక్క తిరగబడింది. తోలు ఒక పక్కకీ తెల్లటి కండ ఒక పక్కకీ వచ్చాయి. అంతసేపూ ఆర్లో చూపు బల్లమీద లేదు, అవతలి ఒడ్డున పసుపెక్కిన చెట్లమీద ఉంది.

"చూడండిరా, చూడకుండా కోస్తున్నాడు!" అన్నాడు అతిథుల్లో బొద్దుగా ఉన్నాయన.

"మీలాంటి అందగాళ్ళని చూస్తే చెయ్యి తెగుతుంది," అన్నాడు ఆర్లో.

అందరూ నవ్వారు. బొద్దుగా ఉన్నాయన సంతోషంగా బల్లమీద చరిచి, "వచ్చే ఏడూ మాకు నీ పడవే. ఇప్పుడే చెబుతున్నా," అన్నాడు.

ఆర్లో ముక్కని నీళ్ళలో జాడించాడు. "మీరొస్తున్నారని చేపలకి చెప్పి ఉంచుతాలే."

మార్లిస్ ఇంక అక్కడ నిలబడలేక కారు వైపు నడిచింది. ఈ మనిషికి ఏమీ తెలియదు. ఆదివారం దాకా తెలియదు.

ఇంటికి కారు ఆమే నడిపింది. వేసవి నించీ ఆర్లోకి కుడి మోకాలు నొప్పి, పెడల్ మీద కాలు పెట్టలేనంటున్నాడు. పక్క సీట్లో తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. చెప్పాలి, ఈ మలుపు దాటాక చెప్పాలి అనుకుంటూ ఆమె మలుపులన్నీ దాటేసింది.

"నిన్న డ్యూయీ కొట్టుకి వెళ్ళావట?" అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె రోడ్డు మీదే చూపు ఉంచింది. "ఐసు సంచులు అయిపోతేనూ."

"ఊఁ."

ఆమెకి చెమట పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి అబద్ధం చెప్పిన సందర్భాలు ఆమెకి గుర్తున్నంతలో లేవు.

శనివారం పొద్దున కర్ట్ చేపల పెట్టెలు సర్దడానికి చల్లగదిలోకి వెళ్ళడం చూసి, వెనకే వెళ్ళి తలుపు వేసింది. ఇద్దరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది.

"ఆర్లోని మాన్పిస్తున్నావా?"

కర్ట్ చేతిలో పెట్టెని నెమ్మదిగా కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం! అవునా కాదా?"

"అవును."

ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"ఎందుకు? స్క్రీన్లు లేని పడవ ఎక్కం అంటున్నారా నీ అతిథులు?"

"కొందరు అంటున్నారు. ఫోన్లోనే అడుగుతున్నారు." అతను ఆమె మొహంలోకి చూడకుండా, "అది కూడా ఉంది," అన్నాడు.

"మరి ఆ మాట ఆయనతో అను. ఇద్దరే ఉన్నప్పుడు, మొహం చూసి అను. వందమందిని పోగేసి, కేకు కోసి, నోరెత్తడానికి లేకుండా చేసి సాగనంపుతావా? ఆ ఉరితాడు నా చేత కొనిపిస్తావా? గాలం పట్టుకోవడం నీకు నేర్పిన చేతులు కర్ట్ అవి. మీ నాన్న ఉంటే ఈ గదిలోనే నీ చెంప పగలగొట్టేవాడు."

కర్ట్ పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయి మింగేశాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "స్క్రీన్ మాత్రం పెద్దది తీసుకో మార్లిస్," అన్నాడు చివరికి. "నన్ను ఎన్నైనా తిట్టు. అది మాత్రం పెద్దది తీసుకో."

ఆ మాటతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తలుపు విసురుగా తోసుకుని బయటికొచ్చింది. అప్రాన్ విప్పకుండానే కారెక్కి డ్యూయీ దగ్గరికి వెళ్ళింది.

"అన్నిటికన్నా చిన్నది ఏది?"

"మొన్న ఎంచింది నీ పేర్న పక్కన పెట్టాను కదా..."

"చిన్నది ఇయ్యి డ్యూయీ. వాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోవడం మాకిష్టం లేదు."

డ్యూయీ ఆమె మొహం చూసి వాదించలేదు. రొట్టెముక్కంత స్క్రీను ఉన్నదాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఇంటి వెనక గరాజులో నిలబడి ఆమే రంగు కాగితం చుట్టింది. మడతలు గట్టిగా, పదునుగా పెట్టింది. ఆ పని చేస్తుంటే కాస్త హాయిగా అనిపించింది. ఆర్లోకి చెప్పాలా వద్దా అన్నది మాత్రం తేల్చుకోలేకపోయింది. చెబితే ఆయన విందుకి రాడు. రాకపోతే పిరికివాడంటారు. చెప్పకపోతే తను కూడా వాళ్ళలో ఒకతె అవుతుంది. రాత్రి భోజనాల దగ్గర రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఉప్పు అందుకుంది.

ఆదివారం హాలు నిండిపోయింది. వేయించిన వాలై ముక్కలు, అడవి బియ్యం సూపు, క్యాబేజీ, నేరేడురంగు పళ్ళు కూరిన తీపి రొట్టె. మార్లిస్ పళ్ళేలన్నీ అందాక అప్రాన్ తీసి, ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని వంటింటి గుమ్మం ముందు నిలబడింది. ఆర్లో ముందు బల్ల దగ్గర, ఉతికిన గళ్ళచొక్కాలో, జుట్టు తడిపి దువ్వుకుని ఉన్నాడు. పక్కన బ్రాడీ.

కర్ట్ పెట్టె పట్టుకుని లేచాడు. దాని సైజు చేతికి తెలిసినట్టుంది, మార్లిస్ వైపు ఒకసారి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"మా నాన్న ఈ రిసార్టు నాకిచ్చి పోయాడు," అన్నాడు కర్ట్. "సరస్సుని మాత్రం ఆర్లో ఇచ్చాడు. ఏ రాయి ఎక్కడుందో, ఏ గాలికి ఎటు తిరగాలో ఆయన చెబితేనే నాకు తెలుసు. ఇంక కొన్నాళ్ళు తన చేపలు తను పట్టుకుంటానంటున్నాడు. సరే అనక తప్పలేదు." పెట్టె ఆర్లో చేతిలో పెట్టి కూర్చున్నాడు.

చప్పట్లు. ఆర్లో మొహంలో ఆశ్చర్యమేమీ లేకపోవడం మార్లిస్ గమనించింది. జనం ముందు బింకంగా ఉన్నాడనుకుంది. జేబుకత్తితో కాగితం కోశాడు. అట్టపెట్టె విప్పి ఆ చిన్న వస్తువు బయటికి తీశాడు. స్క్రీను మీద గీతలు పడకుండా కంపెనీవాళ్ళు అంటించే పలచటి ప్లాస్టిక్ కాగితం ఇంకా ఉంది. దానిమీద నీలం నీళ్ళు, ఎర్ర గీత, ఒక పెద్ద చేప బొమ్మ అచ్చువేసి ఉన్నాయి.

ఆర్లో దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. తల ఎడమ భుజం వైపు వంచాడు. తరవాత కుడి వైపు. కోడి గింజని చూసినట్టు.

"అబ్బో! అప్పుడే మొదలెట్టేసిందే," అన్నాడు గట్టిగా. "ఇదిగో చేప. ఈ హాల్లోనే పట్టేయొచ్చు."

హాలంతా పగలబడి నవ్వింది. ఆర్లో జోకులు వాళ్ళకి అలవాటే. జోకు వేశాక ఆయన కింది పెదవి కొరుక్కుంటూ తనూ లోలోపల నవ్వుతాడు. మార్లిస్ ఆ నవ్వు కోసం చూసింది. రాలేదు. ఆయన బొటనవేలు ఆ వస్తువు అంచుల వెంట వెతుకుతోంది. ఒక బొత్తాం నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. పక్కకి వంగి, నవ్వుల మధ్య ఎవరికీ వినబడనంత చిన్నగా బ్రాడీతో అన్నాడు. దగ్గరికి వచ్చేసిన మార్లిస్‌కి వినబడింది.

"దీన్ని ఆపేదెక్కడరా? ఊరికే వెలుగుతోంది."

బ్రాడీ నవ్వలేదు. ఆర్లో చేతిలోంచి దాన్ని మెల్లిగా తీసుకుని బల్లమీద బోర్లా పెట్టాడు. అటు కర్ట్ నేల చూపులు చూస్తున్నాడు.

ఆర్లో తలెత్తాడు. బల్లకి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మార్లిస్ మొహంలోకి సూటిగా చూశాడు.

"మార్లిస్ ఎక్కడ? వంటింట్లో ఉందా?" అన్నాడు.

నవ్వులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆమెకి అవి ఎక్కడో గోడ అవతలివి అయిపోయాయి.

"ఇక్కడే ఉన్నాను," అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. వెంటనే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి సంగతి మొత్తం తెలిసిపోయింది.

విందు అయ్యాక కర్ట్ హాలు వెనక కుర్చీలు మడిచి పేరుస్తున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడితే చేతిలో కుర్చీని దించలేదు, మడవలేదు.

"ఎప్పటినించి?"

"జూన్‌లో తెలిసింది నాకు. దీవి దగ్గర రాళ్ళమీదికి ఎక్కించాడు పడవని. రాళ్ళున్నాయని హెచ్చరించే పసుపు డబ్బా తేలుతూనే ఉంది అక్కడ. ఆయనకి కనబడలేదు. పడవలో ఇద్దరు పిల్లలున్నారు." కర్ట్ గొంతు తగ్గించాడు. "ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజే వచ్చి నాతో చెప్పాడు, ఇంక నన్ను ఒక్కణ్ణీ పంపకురా అని. మోటారు సామాన్లకని చెప్పి బ్రాడీ డులుత్ తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించాడు. రెండు కళ్ళలోనూ నడిమధ్య మచ్చ పడిందట. సూటిగా చూస్తే ఏమీ ఉండదు. పక్కల మిగిలింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు వేయించుకున్నాడు. నీకు తెలిస్తే పడవ తాళం దాచేస్తావన్నాడు. ఈ సీజన్ గడిపిస్తే చాలు, నేనే మానేశాననుకోనీ జనాన్ని, గుడ్డివాణ్ణని వద్దు అన్నాడు. అందుకే బ్రాడీని ఎక్కించాను. అందుకే ఆ పెద్ద స్క్రీను. పెద్దదైతే పక్కచూపుకి అందుతుందని, లోతు తగ్గితే అరుస్తుందని."

మార్లిస్ పేర్చిన కుర్చీల మీద చెయ్యి ఆనించుకుంది. "నిన్న నిన్ను అన్ని మాటలన్నాను."

"కొన్ని పడాల్సినవే." కర్ట్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆయన మానేస్తానన్నప్పుడు నాకు కొంచెం బరువు దిగినట్టే అనిపించింది. స్క్రీన్లు కావాలని అడిగేవాళ్ళు నిజంగానే అడుగుతున్నారు. ఆ మాట నేనే వచ్చి ఆయనతో అనాల్సిన రోజు తప్పింది కదా అనుకున్నాను. అది నువ్వు తిట్టకపోయినా నాకు తెలుసు."

ఆమె అతని చేతిలో కుర్చీ తీసుకుని, మడిచి, మిగతావాటి మీద పెట్టింది.

ఇంట్లోకి వెళ్ళగానే మార్లిస్ కోటు కూడా విప్పకుండా తలుపు పక్కన మేకుకి వేలాడే పడవ తాళం తీసి జేబులో వేసుకుంది. తాళం చప్పుడుకి ఆర్లో తల తిప్పాడు.

"అనుకున్నా," అన్నాడు.

"ఏమనుకున్నావు? పిల్లలున్న పడవని రాళ్ళమీదికి ఎక్కించినవాడివి నన్ను అంటున్నావా? మోకాలు నొప్పా నీకు? వేసవి నించీ నీ మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెడుతున్నాను!"

"కాపడం బావుండేది," అన్నాడు ఆర్లో.

ఆమెకి కొట్టాలనిపించింది. వంటబల్ల దగ్గర కుర్చీలో కూలబడింది. ఆర్లో చేత్తో బల్ల అంచు చూసుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"చెబితే ఏమయ్యేదో చెప్పనా?" అన్నాడు. "నువ్వు నన్ను చూసే తీరు మారిపోయేది. వంటింట్లోంచి హాల్లోకి నడిస్తే వెనకాల చేతులు చాపుకుని వచ్చేదానివి. ఆ రేవులో బ్రాడీ 'అడుగెత్తు' అంటే పళ్ళు కొరుక్కుని ఊరుకున్నా. నీ నోట వినలేను."

"కోస్తున్నప్పుడు చేపవైపు చూడకుండా ఎక్కడో చూస్తుంటే నీ గొప్పే అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకోనిచ్చాను."

మార్లిస్ కోటులోకి చెయ్యి పోనిచ్చింది. జేబులో తాళం చేతిలో వెచ్చబడింది. తనకి కోపం ఎవరిమీదో వెతుక్కుంది. కర్ట్ మీద పెట్టుకున్నది కాస్తా చేతికి దొరకలేదు. ఎదుటివాడి మీద పెట్టుకుందామంటే ఆ మనిషి తల కొంచెం పక్కకి తిప్పి, తన చెవి వైపు చూస్తున్నట్టుగా కూర్చున్నాడు. వేసవి అంతా ఇలాగే కూర్చున్నాడు కాబోలు. మాట వినకుండా పరధ్యానంగా ఉన్నాడని ఎన్నిసార్లు కసిరిందో.

సోమవారం డ్యూయీ కొట్టు తలుపులు తెరవకముందే కారు తెచ్చి బయట ఆపింది. రొట్టెముక్కంత పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆర్లో పక్కన కూర్చున్నాడు.

"తాళం నా దగ్గరే ఉంటుంది," అంది మార్లిస్. "సరస్సు మీదికి వెళ్తే ఇద్దరం వెళ్తాం. నడిపేది నేను. ఎటో నువ్వు చెప్పు."

"చేపలకి నీ గొంతు పడదు."

"అలవాటు చేసుకుంటాయి. నేను నీకు చేసుకోలేదూ?"

డ్యూయీ తలుపు తీసి వాళ్ళిద్దర్నీ చూశాడు. ఏమీ అడగకుండా చిన్న పెట్టె వెనక్కి తీసుకుని, ఆర్లోకి ఒక స్టూలు లాగి గోడకెదురుగా వేశాడు. స్క్రీన్లు ఒక్కొక్కటీ వెలిగించాడు.

"ఇది?"

"మసక."

"ఇది?"

"ఏదో నీలంగా ఉంది. అంకెలు లేవు."

"ఉన్నాయి," అనబోయి డ్యూయీ మార్లిస్ వైపు చూసి ఆపేశాడు. మార్లిస్ తను మొదట ఎంచినదాన్ని చూపించింది. డ్యూయీ దాన్ని దించి బల్లమీద పెట్టి వైరు కలిపాడు. ఆర్లో దానికేసి సూటిగా చూశాడు, పెదవి విరిచాడు. స్టూలు మీద కొంచెం తిరిగాడు. తల ఇంకొంచెం తిప్పాడు. కొట్టు తలుపు వైపు మొహం పెట్టి, కదలకుండా ఉండిపోయాడు. బయట ఎవరో వస్తుంటే చూస్తున్నట్టుంది.

"ఇరవై రెండు అడుగులు," అన్నాడు.

డ్యూయీ స్క్రీను చూశాడు. "అవును."

"అడుగున రాళ్ళు. రాళ్ళకి కాస్త పైన రెండున్నాయి. పెద్దవే." ఆర్లో గొంతు మారింది. "ఇప్పుడు పంతొమ్మిది. లోతు తగ్గుతోంది."

అనుకున్నట్టే మిషన్ కూత పెట్టింది. తొట్లలో ఎర చేపలు ఒక్కసారి చెల్లాచెదరయ్యాయి. డ్యూయీ గబగబా బొత్తాం నొక్కి దాన్ని ఆపాడు.

మార్లిస్ బల్ల పక్కన, స్క్రీనుకి దగ్గరగా నిలబడి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చప్పుడు కాకుండా చూసుకుంది.

"మార్లిస్," అన్నాడు ఆర్లో, మొహం తలుపు వైపే ఉంచి.

"ఆఁ."

"ఊరుకో. డ్యూయీ చూస్తున్నాడు."

"ఇప్పుడెవరు ఏడుస్తున్నారు?"

"ముక్కు ఎర్రగా కందిపోయింది నీది. కోటు బొత్తాలు కూడా ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నావు."

ఆమె ఇన్నాళ్ళూ ఆయన తనకేసి చూడాలని, ఎదురుగా కూర్చుంటే ఎటో చూడొద్దని కసిరింది. ఇప్పుడు ఆర్లో తలుపు వైపు చూస్తూ ఉన్నాడు, ఆమెని చూస్తూ ఉన్నాడు. మార్లిస్ కళ్ళు తుడుచుకోలేదు, బొత్తాలు సర్దుకోలేదు. ఆయన చూపు పడే ఆ కాస్త చోటు దాటిపోకుండా, కదలకుండా నిలబడింది.